పద్నాలుగో సీసా

పోయిన వారం ఎవాంజలిన్‌ను ల్యాబులో, మిషను ముందర నిలబెట్టి వచ్చాం. ఆమెను ఇప్పుడే కలుస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కోలారు దగ్గరి విశ్వవిద్యాలయ కేంద్రంలో ఆమె ఇరవై రెండేళ్లుగా ల్యాబ్ అసిస్టెంటు. ఇల్లు కేజీఎఫ్‌లో, చాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైన్లలో. ఇంకొకరి పరిశోధనలకు సీసాలు కడిగి, నీళ్లు పరీక్షించి, అంకెలు రాసిచ్చిన మనిషి నలభై మూడో ఏట తానే పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుంది. గైడు ప్రొఫెసర్ శ్రీనివాసమూర్తి. పదకొండేళ్ల కిందట ఆయన ప్రాజెక్టులో పరీక్షించిన బోరు నీళ్లనే మళ్లీ పరీక్షించి, ఫ్లోరైడు పెరిగిందో తగ్గిందో చూడటం ఆమె పని. బైరకూరు దాటాక గుట్టకిందపల్లి అనే చిన్న ఊళ్లో రెండు బోర్లున్నాయి. బడి దగ్గరిది పద్నాలుగో నంబరు, డెయిరీ దగ్గరిది పదిహేను. పద్నాలుగు చెడ్డది, పదిహేను మంచిదని అప్పటి రిపోర్టు. బడి దగ్గరి పంపుకు ఎర్ర రంగు పూయించారు. ఊరంతా డెయిరీ బోరుకు మళ్లింది. ఇప్పుడు మిషను దానికి తలకిందులుగా చెబుతోంది.

*

మూడోసారి కూడా అదే అంకె వచ్చింది.

ఎవాంజలిన్ ఎలక్ట్రోడును కడిగి, మెత్తటి కాగితంతో అద్ది, స్టాండుకు తగిలించింది. కొలతకు వాడే ద్రావణాలు ఆ పొద్దున్నే కొత్తగా కలుపుకుంది. మిషను మీద నెపం పెట్టడానికి సందు లేదు. బడి దగ్గరి బోరు, సున్నా పాయింట్ ఏడు. డెయిరీ దగ్గరిది, మూడు పాయింట్ రెండు. తాగే నీళ్లలో ఒకటిన్నర దాటకూడదు.

ఇలాంటి అంకెలు ఆమె వేలల్లో రాసిచ్చింది. రాసి, సంతకం పెట్టి, కాగితం ఎవరో ఒకరి చేతిలో పెడితే ఆ అంకె వాళ్లదైపోయేది. దానికి అర్థమేమిటో, దాంతో ఏం చేయాలో వాళ్లు చూసుకునేవాళ్లు. ఈమె సీసాలు కడిగి బోర్లించి, కేజీఎఫ్ బస్సు అందుకునేది. ఈ రోజూ అలవాటు కొద్దీ కాగితం పట్టుకుని తలుపు వైపు చూసింది. ఇవ్వడానికి అక్కడ ఎవరూ లేరు.

పక్క బల్ల దగ్గర పిల్లల రికార్డులు దిద్దుకుంటున్న అర్పిత తలెత్తింది. ముప్పై ఏళ్లు కూడా లేని లెక్చరరు. "మీరెందుకు చేయకూడదక్కా" అని వెంటపడి ఈమె చేత పీహెచ్‌డీ అప్లికేషను నింపించింది ఆ అమ్మాయే.

"పదకొండేండ్లు కదక్కా, నీళ్లు మారుంటాయి. వానలు పడినాయి, ఎండలు కాసినాయి" అంది.

"మారతాయి. కానీ అది దిగి, ఇది ఎక్కి, సరిగ్గా ఒకదాని చోట్లో ఒకటి కూచుంటాయా అర్పితా?"

అర్పిత పెన్ను మూత పెట్టింది.

స్టోరు గది తాళాలు ఎవాంజలిన్ దగ్గరే ఉంటాయి. పాత పుస్తకం పై అరలో, విరిగిన త్రాసు వెనకాల దొరికింది. అట్ట మీద ఏడాది, ప్రాజెక్టు పేరు, లోపల అంతా తన చేతిరాత. ప్రతి పేజీకీ ఎడమ పక్కన, ఊళ్లో నీళ్లు పట్టినప్పుడు రాసిన చీటీలు వరసగా అంటించి ఉన్నాయి. కుడి పక్కన ల్యాబులో తీసిన కొలతలు.

నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చెప్పే చిన్న మీటరొకటి ఉంటుంది, పెన్నంత. దాన్ని బోరు దగ్గరే ముంచి చూస్తారు. అదే కొలత ల్యాబులో మళ్లీ తీస్తారు. రెండూ ఇంచుమించు ఒకటే రావాలి. పద్నాలుగో సీసా చీటీ మీద ఆరు వందల ఇరవై అని ఉంది. పదిహేనుకు పద్నాలుగు వందల యాభై. కుడి పక్కన తాను రాసిన అంకెలు చూసింది. పద్నాలుగు దగ్గర పద్నాలుగు వందల ముప్పై. పదిహేను దగ్గర ఆరు వందల పది.

నీళ్లు మారలేదు. సీసాలు మారాయి. ల్యాబు బల్ల మీదే, ఈ చేతుల్లోనే.

ఎవాంజలిన్ పుస్తకం మూసేసింది. ఆ రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని చాలాసేపు నిలబడింది. తలనొప్పిగా ఉండిందా? ఎవరైనా పిలిచారా? బస్సుకు టైమైందని తొందరపడిందా? ఏమీ గుర్తు రాలేదు. కారణం చెప్పుకోవడానికైనా వీల్లేని మామూలు రోజది. ఎడమ చేతిలోది కుడి చేతిలోకి వచ్చి ఉంటుంది, అంతే. అంతమాత్రానికే ఒక ఊరు తాగే నీళ్లు మారిపోయాయి.

*

శ్రీనివాసమూర్తి పుస్తకాన్ని తన వైపు తిప్పుకుని, రెండు అంకెల మీదా వేలు పెట్టి, నింపాదిగా చూశారు. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. ల్యాబ్ అసిస్టెంటుకు గైడుగా ఉంటారా అని కమిటీలో నవ్విన వాళ్ల ముందర, "నా విద్యార్థుల్లో సగం మందికి కొలవడం నేర్పింది ఆమే" అని సంతకం పెట్టినవారు. ఆ సంగతి ఎవాంజలిన్ మరిచిపోలేదు. అందుకే ఆయన ముందు నిలబడటం ఇంకా కష్టంగా ఉంది.

"కూచోండమ్మా" అన్నారాయన. "ఒక్క రీడింగుతో సైన్సు నడవదు. వానలకు ముందర ఒకసారి, తర్వాత ఒకసారి, చలికాలంలో ఒకసారి తీయండి. అప్పుడు రాద్దాం. కాలంతో పాటు నీళ్లలో వచ్చిన మార్పు అని మీకొక చాప్టరే అవుతుంది."

"అది మార్పు కాదు సార్. నా తప్పు."

"అది మీరంటా ఉండారు. కమిటీ ఏమంటుందో ఆలోచన చేసినారా? పాత డేటాతో పోల్చడమే మీ టాపిక్కు. పాత డేటానే తప్పంటే ఇంగ మీకు టాపిక్కు యాడుంది? దాంతో రాసిన నా పేపరూ వెనక్కి తీసుకోవల్ల. సరే, నాది పోనీ. నలభై మూడేండ్లకు మొదలు పెట్టినారు. మొదటి ఏడాదిలోనే మీ తప్పు మీరే రాసుకుంటే రిజిస్ట్రేషను నిలుస్తుందా?"

ఆయన గొంతులో కోపం లేదు. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ఒక్క కొలతతో తొందరపడకూడదని ఈ గదిలోనే ఆయన పాఠం చెబుతుంటే, వెనక నిలబడి ఎన్నోసార్లు విన్నది. అది నిజమేనని నమ్మింది కూడా.

"మూడు సీజన్లంటే ఒక సంవత్సరం సార్" అంది ఎవాంజలిన్. "ఆ సంవత్సరమంతా వాళ్లు ఏ బోరు నీళ్లు తాగల్ల?"

శ్రీనివాసమూర్తి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక్క రీడింగు చూసి ఊరికి చెప్పకూడదంటా ఉండానమ్మా. అంతే."

"అప్పుడు ఒక్క రీడింగుతోనే కదా సార్ ఎర్ర రంగు పూయించినాం."

కారిడారులో ఎవరో కుర్చీలు ఈడ్చుకుపోతున్న చప్పుడు. అది దూరమయ్యాక ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

"నేను మిమ్మల్ని ఆపను" అన్నారాయన చివరకు. "నేను పొమ్మన్నానని మాత్రం చెప్పొద్దండి."

"ఈ పుస్తకం తీసుకపోతాను సార్. రిజిస్టర్లో రాసి సంతకం పెడతాను."

ఎవాంజలిన్ దాన్ని సంచిలో పెట్టుకుని బయటికి వచ్చింది.

*

సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని ఆమె నాన్న జెరోమ్ చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. డెబ్భై ఆరేళ్లు. గని మూతపడే దాకా షాఫ్టు దగ్గర గంట కొట్టే పని చేసినవాడు. మనుషుల్ని గనిలోకి దించే కేజులో ఎక్కించి, లెక్కపెట్టి గంట కొడితే, పైన ఇంజను నడిపేవాడు ఆ లెక్క ప్రకారం దించేవాడు, ఎత్తేవాడు.

"ఏం కన్నా, మొగం అట్ల ఉండాది?" అన్నాడు.

చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. ఆయన కాయలు ఒలవడం ఆపలేదు.

"నాకూ ఒకసారి తప్పింది" అన్నాడు. "రెండు కొట్టాల్సింది మూడు కొట్టినాను. తప్పని తెలిసినాక, ఆపమని గంట కొట్టడానికి చెయ్యి రాలేదు. మేస్త్రీ ఏమంటాడో, పనిలోంచి తీసేస్తారో ఏమో అని. ఎంతసేపు? నువ్వు కన్ను మూసి తెరిచేంత. ఆ కాసేపట్లో కేజు ఎంత దూరం పోయిందో తెలుసా?"

"ఎవరికన్నా ఏమన్నా అయిందా నాన్నా?"

"కాలేదు. దేవుని దయ. కానీ ఈ పొద్దుకీ తలుచుకునేది మూడు కొట్టినందుకు కాదు. ఆ కాసేపు చెయ్యి ఎత్తకుండా నిలబడినందుకు." ఒలిచిన గింజల గిన్నె ఆమె చేతికిచ్చాడు. "పొద్దున మొదటి బస్సు ఎన్నింటికి?"

*

బైరకూరు దాటి ఆటో దిగేటప్పటికి ఆరున్నర. గుట్టకిందపల్లి డెయిరీ ముందర పాల క్యాన్లు, స్టీలు గిన్నెలు వరసగా ఉన్నాయి. రెండు వీధుల అవతల, ఎర్ర రంగు వెలిసిపోయిన బడి పంపు దగ్గర ఎవరో రెండు ఆవులకు తొట్టిలో నీళ్లు కొడుతున్నారు. మనుషులు తాగకూడదన్నారు గానీ గొడ్లకు వద్దనలేదు కదా. ఎవాంజలిన్ అటు చూడలేకపోయింది.

డెయిరీ పక్క ఇల్లే చిక్కమ్మది. అరవై దాటిన మనిషి. పోయిన వారం సీసాలు పట్టడానికి వచ్చినప్పుడు పిలిచి కూర్చోబెట్టి, రాగి అంబలి ఇచ్చింది. లేవాలంటే మోకాళ్ల మీద రెండు చేతులూ ఆనించి లేస్తుంది. ఆమె మనవరాలు చైత్రకు పదేళ్లు. నవ్వు వస్తే చప్పున చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పళ్ల మీద తుప్పు రంగు చారలు.

"ఏమమ్మా, ఇంత పొద్దున్నే వచ్చినావు? నీళ్లు చాల్లేదా?" అంది చిక్కమ్మ.

ఎవాంజలిన్ అరుగు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. బడి బోరు మంచిది. డెయిరీ బోరు చెడ్డది. పదకొండేళ్ల కిందట సీసాలు తారుమారు చేసింది తానే.

చిక్కమ్మ లోపల గూట్లో ఉన్న నీళ్ల బిందె వైపు చూసింది. అక్కడి నుంచి, జడ వేసుకుంటున్న మనవరాలి వైపు.

"మా పాప పండ్లు తిరిగి తెల్లగైతాయా?"

"కావు పెద్దమ్మా."

"నా మోకాళ్లు?"

"అది ఆ నీళ్ల వల్లనే అని నేను చెప్పలేను. డాక్టరు చూడల్ల. ఈ పొద్దు నుంచి ఆ నీళ్లు మానేస్తే ఇంకా చెడకుండా ఉంటుంది. అంతవరకే నాకు తెలుసు."

ఏదో ఒక మంచి మాట కలిపి ఉండవచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ తెలియని దాన్ని తెలిసినట్టు ఈ ఊరికి ఒకసారి రాసిచ్చింది చాలు అనిపించింది.

చిక్కమ్మ మోకాళ్ల మీద చేతులానించి లేచింది. "నాకు చెప్పి నువ్వు పోతే ఎట్లమ్మా? నేను చెప్తే, ముసిల్ది ఏమో వాగుతా ఉండాదంటారు. అందరూ ఆడనే ఉండారు. రా, నీ నోటితోనే చెప్పు."

డెయిరీ దగ్గర ముప్పై, నలభై మంది ఉన్నారు. కిటికీ లోపల సెక్రటరీ నంజుండప్ప ఒక్కొక్కరి పాలు కొలిచి, చిన్న సీసాలో కొంచెం తీసి, నంబరు వేసి ట్రేలో పెడుతున్నాడు. చిక్కమ్మ గట్టిగా పిలిస్తే తలలు తిరిగాయి. ఎవాంజలిన్ ఎప్పుడూ పదిమంది ముందు మాట్లాడిన మనిషి కాదు. సెమినార్లలో ఆమె పని ప్రొజెక్టరు పెట్టడం, ఫ్యాను వేయడం. మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు. ఏ బోరు ఏమిటో, తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరి చేతుల్లో జరిగిందో వరసగా చెప్పింది. "మా డిపార్టుమెంటు" అనలేదు. "నేను" అంది.



మొదట మాట్లాడింది చెన్నరాయప్ప అనే రైతు. పట్టుపురుగులు పెంచుతాడు, పెద్ద గొంతు.

"పదకొండేండ్లు!" అన్నాడు. "పదకొండేండ్లు మంచి నీళ్లు ఆవులకు పోసి, చెడ్డ నీళ్లు మా బిడ్డలకు తాపినాం. చదువుకున్నోళ్లు చెప్పినారని. బడి బోరు నీళ్లు తియ్యగా ఉండాయని మా నాయన మొత్తుకుంటే, నీకేం తెలుసు, యూనివర్సిటీ వాళ్లు మిషను పెట్టి చూసినారని నేనే నోరు మూయించినాను. ఆయప్ప పోయినాడు. ఇప్పుడొచ్చి తప్పైంది అంటే ఎట్లమ్మా?"

"తప్పైంది అని చెప్పి పోవడానికి రాలేదన్నా. ఇంకో సంవత్సరం మీరు ఆ నీళ్లే తాగకూడదని వచ్చినాను."

"ఇప్పుడు నువ్వు చెప్పేదన్నా నిజమని ఎట్ల నమ్మల్ల?"

"నమ్మొద్దు" అంది ఎవాంజలిన్. ఆ మాట తన నోటి నుంచి వచ్చినందుకు తనకే ఆశ్చర్యం వేసింది. "నన్ను నమ్మొద్దు. మీరే ఒక్కో బోరు నీళ్లు రెండేసి సీసాల్లో పట్టండి. మీరే నంబర్లు వేయండి. ఏది ఏ బోరుదో నాకు చెప్పొద్దు. నాకొక జత ఇవ్వండి, తాలూకా ఆఫీసులో ఇంకొక జత ఇవ్వండి. రెండు చోట్లా ఏమొస్తుందో మీరే చూసుకోండి. అది వచ్చేదాకా డెయిరీ బోరు నీళ్లు మాత్రం తాగొద్దు."

గుంపులో కలకలం లేచింది. తిట్టినవాళ్లున్నారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరు ఆడవాళ్లు ఏమీ అనకుండా బిందెలు తెచ్చుకుని బడి వైపు నడిచారు. చెన్నరాయప్ప వాళ్లను చూసి తల దించుకున్నాడు.

నంజుండప్ప చివరి క్యాను కొలిచి, పుస్తకంలో రాసి, సీసాల ట్రే చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు. పాల వ్యాను అప్పుడే వచ్చి ఆగింది. డ్రైవరు మోహన్‌కుమార్ క్యాన్లు ఎత్తడం మొదలుపెట్టాడు.

"అమ్మా, నాదీ సీసాల పనే" అన్నాడు నంజుండప్ప. గొంతు పెంచకుండా, లెక్క అడిగేవాడిలా. "ఇరవై ఏండ్లుగా చేస్తా ఉండాను. ఎప్పుడన్నా రెండు నంబర్లు తారుమారైతే ఆ రెండే సరిచేసి ఊరుకోను. ఆ పూట ట్రేలో సీసాలన్నీ తిరిగి చూస్తా. చెయ్యి ఒకసారి తప్పిందంటే ఎన్నిసార్లు తప్పిందో ఎవరికి తెలుసు?" ట్రేను కిటికీ గట్టు మీద పెట్టాడు. "మా ఊరి రెండు సీసాలే మారినాయని నీకెట్ల తెలుసమ్మా?"



నిన్న స్టోరు గదిలో పద్నాలుగు, పదిహేను కనబడగానే ఎవాంజలిన్ పుస్తకం మూసేసింది. దొరికిన తప్పే అంత బరువుగా ఉండేసరికి అదే మొత్తమనుకుంది. సిగ్గుపడటంలో, ఎవరి ముందు ఎలా ఒప్పుకోవాలా అని ఆలోచించడంలో, అడగాల్సిన మొదటి ప్రశ్న అడగనే లేదు. పీహెచ్‌డీ అప్లికేషనులో "మీ పరిశోధన ప్రశ్న" అనే గడి ముందు మూడు రోజులు కూర్చుని, అర్పితను అడిగి అడిగి నాలుగు వాక్యాలు నింపింది. అసలు ప్రశ్న ఇదిగో, పాల సీసాల ట్రే పక్కన నిలబడి ఒక సెక్రటరీ అడిగాడు.

సంచిలోంచి పుస్తకం తీసింది. నంజుండప్ప గట్టు మీద చోటు చేశాడు. చెన్నరాయప్ప దగ్గరికి వచ్చాడు. చిక్కమ్మ వచ్చింది. ఎవాంజలిన్ వేలు పెట్టి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది, బయటికే. ఎడమ పక్క చీటీ మీది అంకె, కుడి పక్క తన అంకె. ఒకటి, సరిపోయింది. రెండు, సరిపోయింది. చూస్తున్నవాళ్లకు పద్ధతి తెలిసిపోయి, వాళ్లూ వేలి వెంట కళ్లు నడిపారు. పదమూడు దాకా అన్నీ సరిగ్గా ఉన్నాయి. పద్నాలుగు, పదిహేను అందరికీ తెలిసినవే.

పేజీ తిప్పింది.

పదహారో సీసా. ఎడమ పక్కన ఐదు వందల నలభై. కుడి పక్కన పన్నెండు వందల డెబ్భై.

ఇదీ సరిపోలేదు. ఎవాంజలిన్ వేలు అక్కడే ఆగిపోయింది.

"అది ఏ ఊరమ్మా?" అన్నాడు నంజుండప్ప.

చీటీ మీద ఊరి పేరు మాసిపోయి ఉంది. వెలుతురుకు పట్టి, కూడబలుక్కుని చదివింది. "కాడుమల్లేపల్లి. అంగన్‌వాడీ ముందరి బోరు."

వ్యాను దగ్గర క్యాన్ల చప్పుడు ఆగింది. మోహన్‌కుమార్ చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగాడు.

"ఇప్పుడు నేను పోయేది ఆ ఊరికేనమ్మా" అన్నాడు. "మా చిన్నది చదివేది ఆ అంగన్‌వాడీలోనే. ఎక్కండి, పోదాం."